ఎవరి చెట్టు

సీమపనసకి గింజ ఉండదు.
ఈ మాట చెప్పేటప్పుడు మా అమ్మ
నా చేతిలో కత్తి పెట్టింది.
"వేరు మీద గీరు. లోతుగా వద్దు,
పాలు కారితే చాలు.
దెబ్బ తగిలితేగానీ దానికి పిలకలు గుర్తుకురావు."

మా చూక్ దీవుల్లో నేల ఒకరిది,
నేల మీది చెట్టు ఇంకొకరిది కావచ్చు.
అమ్మమ్మ పోతూ పోతూ
నేల నిఫూకో పెద్దమ్మకిచ్చింది,
చెట్టు మా అమ్మకిచ్చింది.
ఏం ఆలోచించి ఇచ్చిందో, ఆలోచించకుండానే ఇచ్చిందో,
పద్దెనిమిదేళ్ళు
అక్కచెల్లెళ్ళ మధ్య మాట లేదు.

కాపు మొదలైతే అమ్మ
చివర చీలిన పొడుగు గెడ భుజాన వేసుకుని వెళ్ళేది.
తొడిమ చీలికలో ఇరికించి, ఒక మెలి తిప్పి, లాగేది.
పెద్దమ్మ అటు తిరిగి కూర్చుని చేపకి పొలుసు తీసేది.
తన వాకిట్లోకి దొర్లిన కాయ ఒక్కటీ ఉంచుకునేది కాదు,
గంపలో పెట్టి నాతో పంపేది.
గంపని నేనే. మాటనీ నేనే.

మాలో దంచడం మగాళ్ళ పని.
కొబ్బరిపీచు నిప్పుల మీద నల్లగా కాలిన కాయ
తొక్క ఒలిస్తే లోపల పసుపుపచ్చని వేడి.
పగడపురాయి రోకలి తడిపి
నాన్న ఇక్కడ దంచేవాడు,
మసాయో పెదనాన్న అక్కడ.
ఈ దెబ్బకీ ఆ దెబ్బకీ నడుమ సందులో
సరిగ్గా ఆ రోకలి పడేది.
రెండిళ్ళకీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మిగిలిన కాయలు గోతిలోకి.
అరిటాకులు పరిచి, నింపి, ఆకులు కప్పి, రాళ్ళు పెట్టి.
చెట్టు ఉత్తదిగా నిలబడే నెలల్లో
ఆ పులిసిన ముద్దే మా అన్నం.
తలుపు తట్టే మర్యాద దాని వాసనకి లేదు.
చిన్నప్పుడు ముక్కు మూసుకునేవాణ్ణి,
ఇప్పుడు ఆ వాసన రాకపోతే ఆకలి వేయదు.

తుఫాను రాత్రి
గాలికంటే ముందు సముద్రం లోపలికొచ్చింది.
తెల్లారేసరికి చెట్టు పడుకుని ఉంది,
వేళ్ళు ఆకాశంలో, కాయలు ఉప్పు బురదలో.
మొద్దు అమ్మది. అది పడుకున్న చోటు పెద్దమ్మది.
ఎవరూ గొడ్డలి ఎత్తలేదు.
నేను ఫైబరు పడవలు బాగుచేసేవాణ్ణి,
ఆ రోజు మాత్రం విరిగిన కొమ్మ పాలు డబ్బాకి పట్టి
తాతనాటి చెక్కపడవ పగుళ్ళు పూడ్చాను.
అమ్మ గెడ చూరుకింద పెట్టేసింది.
చెట్టు పడ్డాక
చెట్టు దాకా వెళ్ళే దారి కూడా పడిపోయింది.

ఆర్నెల్లకి పెద్దమ్మ నన్ను పిలిచింది.
వంటపాక పక్కన, ఉప్పునీరు ఎక్కని మిట్టమీద
జానెడు పిలక.
పందులు తొక్కకుండా చుట్టూ పగడపు రాళ్ళు,
పైన బోర్లించిన సోడా సీసాల డబ్బా.
"ఇది ఎవరిదో మీ అమ్మని అడుగు."

అడిగాను.
అమ్మ జవాబు చెప్పలేదు. కత్తి తీసుకుంది.
పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి గెడ లేకుండా
ఆ వాకిట్లో అడుగు పెట్టింది.
డబ్బా ఎత్తి, ఆకు నిమిరి,
పిలకకి ఇటో జానెడు అటో జానెడు
వేరు తెగ్గొట్టింది. పాలు కారాయి.

"వానలు గట్టిపడేదాకా కదపొద్దు.
పొయ్యికి మరీ దగ్గరైంది. పొగ తగుల్తుంది."

నాతోనే అంటోందనుకుని నోరు తెరిచాను.

"పొయ్యి జరుపుతాలే,"
అంది పెద్దమ్మ,
చేప మీదనుంచి కళ్ళెత్తకుండా.
"కాపుకెన్నేళ్ళు?"

"అయిదు. ఆరు కూడా పట్టొచ్చు."

"అబ్బో," అంది పెద్దమ్మ.

నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను.
ఇద్దరిలో ఎవరూ నావైపు చూడలేదు.
చేతిలో ఖాళీ గంప ఉందని
అప్పుడు గుర్తొచ్చి
కింద పెట్టాను.